అక్కచెల్లెళ్లిద్దరిలో నాన్న ఎక్స్ ఒక్కటే: గాజువాక కుటుంబం నుంచి ఒక హీమోఫిలియా కేసు

బాబుకి పది నెలలు. పాకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి రెండు మోకాళ్ల మీద, మోచేతుల దగ్గర నీలం మచ్చలు. చంకల్లో చేతులు వేసి ఎత్తుకున్న చోట పెద్దవాళ్ల వేళ్ల ముద్రలు కమిలి కనిపిస్తున్నాయి. మంచం అంచు తగిలి పై పెదవి లోపలి తీగ తెగింది. నెత్తురు ఆగినట్టే ఆగి మళ్లీ మొదలవుతూ రెండు రోజులు కారింది. అప్పుడు నా దగ్గరికి తీసుకొచ్చారు.

అంతకుముందు చూపించిన చోట "పిల్లాడిని ఎవరైనా కొడుతున్నారా" అని అడిగారట. ఆ ప్రశ్న తప్పని అనను, అడగాల్సిందే. కానీ అడిగి ఊరుకోకుండా నెత్తురు ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూసే ఎపీటీటీ పరీక్ష ఒకటి రాసి ఉండాల్సింది. తల్లికి పాతికేళ్లు. ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. నా ముందు కూర్చుని మొదట చెప్పింది జబ్బు గురించి కాదు, "నేను కొట్టలేదు మేడమ్" అని.

ప్లేట్‌లెట్లు 3.2 లక్షలు, గడ్డకట్టడాన్నే ఇంకో దారిలో చూసే పీటీ పరీక్ష 12.5 సెకన్లు. రెండూ మామూలే. ఎపీటీటీ మాత్రం 94 సెకన్లు ఉంది, మామూలుగా 30 నుంచి 40 లోపు ఉండాలి. బాబు ప్లాస్మాలో ఆరోగ్యవంతుల ప్లాస్మా సమానంగా కలిపితే 36కి దిగింది. అంటే గడ్డకట్టడాన్ని అడ్డుకునే పదార్థమేదో ఉండటం కాదు, ఉండాల్సింది లేకపోవడం. నెత్తురు గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ ఒక శాతం కంటే తక్కువ, దానికి తోడుగా ఉండే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ సరిగానే ఉంది. తీవ్రమైన హీమోఫిలియా ఎ, అంటే ఫ్యాక్టర్ 8 లోపించి నెత్తురు సరిగా గడ్డకట్టకపోవడం. తీవ్రమైనదీ కానిదీ కలిపి మగపిల్లల్లో సుమారు 5,000 మందికి ఒకరికి వచ్చే జబ్బు.

ఇక్కడి వరకు పిల్లల డాక్టర్లందరికీ తెలిసిన దారే. నేను జన్యు సలహా ఇచ్చే డాక్టర్ని. శ్రీకాకుళం నుంచీ, ఇటు పాడేరు, అరకు నుంచీ కుటుంబాలు వైజాగ్‌కి వస్తుంటాయి కాబట్టి హీమోఫిలియా నాకు కొత్త కాదు. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం, ఇందులో జన్యుమార్పు ఏ మనిషి శరీరంలో, ఏ దశలో పుట్టిందో దాదాపు వేలుపెట్టి చూపించగలిగాం. అది తెలిశాక ఆ ఇంట్లో ముగ్గురి పరిస్థితి మారింది. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

అంతా సరిగ్గా ఉందన్న రిపోర్టు

వాళ్లు వస్తూ వస్తూ ఒక ఫైలు తెచ్చారు. వేరే ఊరి ల్యాబ్‌లో, అప్పు చేసి మరీ, ఫ్యాక్టర్ 8 జన్యువు మొత్తం చదివించారు. ఆ జన్యువులో ప్రోటీన్ తయారీకి సూచనలుండే ముక్కలు, అంటే ఎక్సాన్లు, 26 ఉంటాయి. 26లో దేనిలోనూ తప్పు లేదని రిపోర్టు. దాన్ని పట్టుకుని ఎవరో "జన్యువుల్లో లోపం లేదు, ఇది వంశపారంపర్యం కాదు" అని చెప్పేశారు. తల్లి చెల్లెలు అప్పటికి రెండో నెల గర్భిణి. ఆ మాట విని ఆమె ఊపిరి పీల్చుకుంది.

తీవ్రమైన హీమోఫిలియా ఎ అనగానే మొదట చూడాల్సింది డీఎన్‌ఏ అక్షరాల తప్పులు కాదు. నూటికి 40 నుంచి 45 మందిలో అక్షరాలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఎక్సాన్ల మధ్య ఉండే భాగాలను ఇంట్రాన్లు అంటాం, వాటిలో 22వ ఇంట్రాన్ దగ్గర జన్యువు తెగి, పెద్ద ముక్క తలకిందులుగా అతుక్కుని ఉంటుంది. దీన్ని ఇంట్రాన్ 22 ఇన్వర్షన్ అంటాం. ఎక్సాన్లను విడివిడిగా చదివే పరీక్షకు ఇది దొరకదు. దీనికి వేరే పీసీఆర్ పరీక్ష ఉంది, మొత్తం జన్యువు చదివించడం కంటే చాలా చవక. ముందు అది, తర్వాత ఇంట్రాన్ 1 ఇన్వర్షన్, ఆ రెండూ లేకపోతేనే మొత్తం చదవడం. ఈ వరస తప్పినందుకు ఆ ఇంటికి అయిన ఖర్చు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బాబు రక్తం పంపాం. ఇన్వర్షన్ ఉంది. మొదటి రకం, అంటే దూరపు నకలుతో జరిగినది. ఆ నకలు సంగతి ముందు ముందు చెప్తాను.

వంశవృక్షం, నేను తొందరపడిన చోటు

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లాడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. అందుకే హీమోఫిలియా అనగానే తల్లి వైపు మగవాళ్లను అడుగుతాం. బాబు మేనమామలు ఇద్దరు. ఒకతను కబడ్డీ ఆడతాడు, ఇంకొకతను జ్ఞానదంతం తీయించుకున్నాడు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు. అమ్మమ్మకు ముగ్గురు అన్నదమ్ములు. అరవై దాటినవాళ్లు, ముగ్గురూ దిట్టంగా ఉన్నారు. మూడు తరాల్లో ఒక్క కేసు కూడా లేదు.

రిపోర్టు వచ్చిన రోజు చెల్లెలు కూడా వచ్చింది. తొమ్మిదో వారం. "మేడమ్, నాకూ ఉంటుందా?" అని అడిగింది. "అక్కకి ఉంటే నీకు సగానికి సగం ఉండొచ్చమ్మా, పరీక్ష చేద్దాం" అన్నాను. అమ్మమ్మ వాహకురాలైతేనే, అంటే తనకు జబ్బు లేకున్నా ఒక ఎక్స్‌లో ఆ లోపాన్ని మోస్తుంటేనే, ఆ సగం లెక్క నిజం. అయిదుగురు మగవాళ్లు ఆరోగ్యంగా ఉన్న ఇంట్లో ఆమె వాహకురాలు కావడానికి అవకాశం తక్కువ. పైగా ఇన్వర్షన్ అని తేలాక లెక్క ఇంకా మారుతుంది. అవన్నీ నాకు తెలుసు. అయినా చేతికి అలవాటైన వాక్యం నోటికి వచ్చేసింది. రిపోర్టు వచ్చేవరకు రెండు వారాలు ఆ అమ్మాయికి నిద్ర లేదు, అన్నం సయించలేదు. ఆ టెన్షన్‌కి కారణం నా మాటే. ఆ రోజు చెప్పాల్సింది ఇది: "ఈ మార్పు ఎక్కడ పుట్టిందో ముందు తెలుసుకుందాం. అమ్మ దగ్గర పుట్టి ఉంటే ఒక లెక్క, నాన్న దగ్గర పుట్టి ఉంటే ఇంకో లెక్క."

ఒంటరి ఎక్స్

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు క్షయకరణ విభజన గుర్తుండే ఉంటుంది. 46 క్రోమోజోములున్న కణం అండంగానో శుక్రకణంగానో మారడానికి 23కి తగ్గుతుంది. తగ్గడానికి ముందు, తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమూ తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోమూ జతగా పక్కపక్కన చేరతాయి. కణమే తన డీఎన్‌ఏను కావాలని చాలా చోట్ల తెంపుకుంటుంది. ఎస్‌పీఓ11 అనే ప్రోటీన్ పని అదే. తెగిన కొసలు ఎదుటి క్రోమోజోమ్‌లో తమలాంటి వరస కోసం వెతుక్కుంటాయి, దొరికినచోట అతుక్కుంటాయి. కొన్నిచోట్ల ముక్కలు అటువి ఇటు, ఇటువి అటు మారిపోతాయి. ఇదే క్రాసింగ్ ఓవర్, మన పుస్తకాల్లో వినిమయం. ఏ జతలో ఏది ఎటు వెళ్తుందన్నదే 83 లక్షల పైచిలుకు రకాలుగా జరగొచ్చు. దానికి ఈ ముక్కల మార్పిడి కూడా తోడైతే లెక్కకు అందదు. ఒకే తల్లిదండ్రుల పిల్లలు ఒకరిలా ఒకరు ఉండకపోవడానికి కారణం ఇదే.

ఈ పద్ధతి అంతా జోడీ మీద ఆధారపడింది. ఆడవాళ్లలో ఎక్స్‌కి పొడవునా జోడీగా ఇంకో ఎక్స్ ఉంటుంది. మగవాళ్లలో ఎక్స్ పక్కన ఉండేది వై. ఆ రెండూ ప్రధానంగా ఒక కొసన మాత్రమే, సుమారు 26 లక్షల అక్షరాల మేర జతకడతాయి. ఎక్స్ మొత్తం పొడవు సుమారు 15.5 కోట్ల అక్షరాలు. మిగతా భాగమంతా ఒంటరి.

ఫ్యాక్టర్ 8 జన్యువు ఉన్నది ఎక్స్ పొడవు చేయి చివర. దాని 22వ ఇంట్రాన్‌లో సుమారు 9,500 అక్షరాల వరస ఒకటి ఉంది. దాదాపు అలాంటి నకళ్లే ఇంకో రెండు, నాలుగైదు లక్షల అక్షరాల అవతల, క్రోమోజోమ్ కొసకు దగ్గరగా ఉన్నాయి. అందులో ఒకటి ఎదురుముఖంగా ఉంటుంది. ఆడవాళ్ల కణంలో ఈ వరస తన జోడీ ఎక్స్‌లోని అదే వరసతో చక్కగా సర్దుకుంటుంది. మగవారి కణంలో ఎదుట ఎవరూ లేరు. అప్పుడు ఎక్స్ తన మీద తానే మడతపడి, దూరంగా ఉన్న తన నకలునే జోడీ అనుకుని దానితో వినిమయం చేసేస్తుంది. మధ్య ముక్క తిరగబడుతుంది. ఈ ఇన్వర్షన్లు కొత్తగా పుట్టేది దాదాపు ఎప్పుడూ మగవారి బీజకణాల్లోనేనని 1994లో తేలింది. ఆ తర్వాత ఎన్నో దేశాల కుటుంబాలను కలిపి చూస్తే, ఇన్వర్షన్ ఉన్న పిల్లల తల్లుల్లో నూటికి 98 మంది వాహకులే.

ఈ దారిలో ఆలోచించిన తొలివారిలో బ్రిటన్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. 1935లో హీమోఫిలియా లెక్కలతోనే మనుషుల్లో జన్యుమార్పుల వేగాన్ని అంచనా వేశారు. కొత్త మార్పులు మగవారి వైపే ఎక్కువగా పుడుతున్నట్టుందని 1947లో రాశారు. తర్వాత మన దేశానికి వచ్చి, పౌరసత్వం తీసుకుని, 1964లో మన పక్కనే భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఇన్వర్షన్ సంగతి బయటపడింది ఇంకో 30 ఏళ్లకు.

టేపు

బాబు తాతగారు, అంటే తల్లికి నాన్న, టైలర్. గాజువాకలో చిన్న షాపు. మా దగ్గరికి వచ్చినప్పుడు కూడా మెడలో టేపు అలాగే ఉంది, తీయడం మర్చిపోయారు. కాగితం మీద నేను గీసిన బొమ్మలు ఆయనకు ఎక్కలేదు. "మాస్టారూ, పాత టేపు ఏదైనా ఉందా" అని అడిగితే తర్వాతి సారి అంకెలు సగం చెరిగిన 60 అంగుళాల టేపు తెచ్చారు. కత్తెర, గుండుసూదులు కూడా తెచ్చుకున్నారు.

టేబుల్ మీద టేపు పరిచాం. 15 దగ్గర సుద్దతో ఒక బాణం గీశాను, 45 దగ్గర అలాంటి బాణమే, కానీ ఎదురుముఖంగా. జన్యువు 30 నుంచి 50 దాకా అనుకున్నాం. 30 నుంచి 45 వరకు మొదటి 22 ఎక్సాన్లు, అక్కడి నుంచి 50 వరకు చివరి నాలుగు. నిజం కొలతలు ఇవి కావు, అర్థం కావడానికి.

"ఈ రెండు బాణాలు ఒకే వైపు చూస్తూ పక్కపక్కన చేరాలంటే ఏం చేయాలి మాస్టారూ?"

ఆయన ఒక్క క్షణం చూసి, టేపును హెయిర్ పిన్‌లా మడిచి 15ని 45 పక్కకు తెచ్చారు. మధ్య టేపు చుట్టలా పైకి లేచింది. "ఇప్పుడు రెండు బాణాల దగ్గరా కత్తిరించి, దీని కొసని దానికి, దాని కొసని దీనికి కలపండి" అన్నాను. కత్తిరించి సూదులు గుచ్చి పరిచారు. 1 నుంచి 15 వరకు బాగానే ఉంది. 15 తర్వాత 45, 44, 43 అంటూ వెనక్కి నడిచి 16 దాకా వచ్చి, అక్కడి నుంచి ఒక్కసారిగా 46. జన్యువు రెండు ముక్కలైంది. పెద్ద ముక్క బోర్లా తిరిగి 15 పక్కకు పోయింది, చిన్న ముక్క 46 దగ్గరే మిగిలింది. ఆ రెంటి మధ్య ఏ సంబంధమూ లేని 14 అంగుళాల టేపు.

తాతగారు దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చేత్తో తడుముతూ చూశారు. మెడలోని కొత్త టేపు తీసి పక్కన పెట్టి కొలిచారు. తర్వాత అన్నారు: "ఇసిత్రమేటంటే డాక్టరమ్మా, ఒక్క అంగుళం కూడా పోలేదు. 60కి 60 ఉంది. కానీ దీంతో సొక్కా కుట్టలేం."

ఆ రిపోర్టు ఎందుకు అంతా బాగుందని చెప్పిందో ఇంతకంటే బాగా నేను చెప్పలేను. అందులో 26 ఎక్సాన్లూ ఉన్నాయి. ఉండాల్సిన వరసలో లేవు.

ఆరు రక్తనమూనాలు

బాబుది, తల్లిది, చెల్లెలిది, అమ్మమ్మది, తాతగారిది తీసుకున్నాం. కబడ్డీ ఆడే మేనమామ తనది కూడా తీసుకోమన్నాడు. ఇన్వర్షన్ పరీక్షతో పాటు ఎక్స్ పొడవునా ఎనిమిది చోట్ల డీఎన్‌ఏ గుర్తులు కూడా చూడమన్నాం. ఏ ముక్క ఎవరి దగ్గర నుంచి వచ్చిందో వాటితో తెలుస్తుంది. ఇక్కడ తోటి డాక్టర్లకు ఒక మాట. ఈ గుర్తులు కన్నతండ్రి ఎవరన్న విషయం కూడా బయటపెట్టగలవు. రక్తం తీయడానికి ముందే ఒక్కొక్కరికీ విడిగా, తలుపు వేసి, ఈ సంగతి చెప్పి సంతకం తీసుకోవాలి. నేను అలాగే చేశాను.

ఫలితాలు వచ్చినప్పుడు చెల్లెలికి పదకొండో వారం.

అమ్మమ్మకు ఇన్వర్షన్ లేదు. మేనమామకు లేదు. తల్లికి ఉంది, ఒక ఎక్స్‌లో ఉంది, రెండోది బాగుంది. ఆ ఇన్వర్షన్ ఉన్న ఎక్స్ గుర్తులు ఎనిమిదికి ఎనిమిది తాతగారివే. తండ్రి ఎక్స్ కూతురికి దాదాపు ఉన్నది ఉన్నట్టు వస్తుంది కాబట్టి అలా ఉండటం సహజం. చెల్లెలిలో కూడా తాతగారి ఎక్స్ ఉంది, అవే ఎనిమిది గుర్తులు. కానీ అందులో ఇన్వర్షన్ లేదు.

ఈ ఒక్క వాక్యంలోనే కేసు మొత్తం ఉంది. అక్కచెల్లెళ్లిద్దరికీ నాన్న ఇచ్చింది ఒకే ఎక్స్. అక్కకు అందిన ప్రతి తిరగబడింది, చెల్లెలికి అందిన ప్రతి నిటారుగా ఉంది. తాతగారి రక్తంలోనే ఇన్వర్షన్ ఉంటే ఆయనకే హీమోఫిలియా ఉండేది. అంటే మార్పు పుట్టింది ఆయన వృషణంలో, అక్క పుట్టుకకు కారణమైన శుక్రకణం తయారయ్యే దారిలో.

బాబు ఎక్స్‌లో ఇంకో విశేషం కనిపించింది. పైభాగంలో అమ్మమ్మ గుర్తులు, కింది భాగంలో తాతగారి గుర్తులు. తల్లి అండంలో రెండు ఎక్స్‌లు ముక్కలు మార్చుకున్నాయన్నమాట. ఆడపిల్ల అండాల్లో ఈ మార్పిడి జరిగేది ఆమె ఇంకా తల్లి కడుపులో ఉండగానే. అక్కడ ఆగి, ఎన్నో ఏళ్ల తర్వాత అండం విడుదలయ్యేటప్పుడు మిగతా విభజన కొనసాగుతుంది. అంటే ఈ బాబు ఎక్స్ మీద అమ్మమ్మ, తాతగార్ల ముక్కలు కలిసింది, అతని తల్లి అమ్మమ్మ గర్భంలో ఉన్న రోజుల్లో. ఈ మాట చెప్పినప్పుడు అమ్మమ్మ తన పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నారు.

ఆ గదిలో

అప్పటిదాకా ఆ ఇంట్లో రెండు కథలు నడుస్తున్నాయి. బాబు నాయనమ్మది ఒకటి: "మా వంశంలో లేదు, కోడలి పుట్టింటి నుంచి వచ్చింది." తల్లి లోలోపల నమ్ముతున్నది ఇంకొకటి: గర్భంతో ఉండగా గ్రహణం రోజు బయటకు వెళ్లానని. ఇద్దరితోనూ విడిగా మాట్లాడాను. తల్లి ఒప్పుకున్నాకే నాయనమ్మకు ఫలితం చెప్పాను.

నేను ఎక్కువగా భయపడింది తాతగారి గురించి. నింద కోడలి మీద నుంచి తీసి తెచ్చి ఈయన మీద పెట్టడానికి కాదు కదా ఈ పరీక్షలు. టేపు రోజున నవ్విన మనిషి ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "అయితే నా వల్లే వచ్చిందా అమ్మా? నేను బీడీలు కాల్చేవోడిని."

బీడీకి దీనికి సంబంధం లేదని చెప్పాను. మగవారి ఎక్స్ అమరికలోనే ఈ చిక్కు ఉంది. విభజన జరిగే ప్రతిసారీ ఆ వరస తనకు జోడీ వెతుక్కుంటుంది, ఎప్పుడో ఒకసారి తన నకలుకే తగులుకుంటుంది. మీ చేతిలో లేదు, ఎవరి చేతిలోనూ లేదు. మీ ఇంకో కూతురికి, ఇద్దరు కొడుకులకు దారితీసిందీ ఈ విభజనే. పక్కనే ఉన్న పెద్దకూతురు ఆయన మోచెయ్యి పట్టుకుని "ఊరుకో నాన్నా" అంది. నేను చెప్పినదాని కంటే అదే ఎక్కువ పనిచేసింది.

చెల్లెలి విషయం ఆ రోజుతో తేలిపోయింది. వాహకురాలు కాదు, కాబట్టి గర్భంలోని శిశువును ముట్టుకునే పరీక్షలు అక్కర్లేదు. ఆమెను ఫ్యాక్టర్ 8 స్థాయి చూసి మాత్రం తేల్చి ఉండలేం. ఆమెది 140 శాతం వచ్చింది, కానీ గర్భంలో ఆ స్థాయి ఎలాగూ పెరుగుతుంది. అక్కది 41 శాతం. ఆడవాళ్ల ప్రతి కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటే పనిచేస్తుంది, వాహకుల్లో ఏ కణంలో ఏ ఎక్స్ నిద్రపోతుందన్నదాన్ని బట్టి ఆ అంకె పూర్తిగా మామూలుగా కూడా ఉండొచ్చు. వాహకురాలా కాదా అన్నది డీఎన్‌ఏ పరీక్షే చెప్పాలి. ఇంకో సంగతి: తండ్రిలో పుట్టిన మార్పు కదా అని మిగతా కూతుళ్లను పరీక్ష లేకుండా వదిలేయకూడదు. అరుదుగానైనా తండ్రి వృషణంలో ఇలాంటి కణాలు గుంపుగా ఉండే వీలుంది.

ఇప్పుడు

బాబుకి రెండేళ్లు దాటాయి. ఫ్యాక్టర్ 8 క్రమంగా ఎక్కిస్తున్నారు. ఇన్వర్షన్ ఉన్నవాళ్లలో ఎక్కించిన ఫ్యాక్టర్‌కే శరీరం ప్రతిరక్షకాలు తయారుచేసే ప్రమాదం ఉంటుంది కాబట్టి మొదటి 50 డోసుల వరకు ఆ ప్రతిరక్షకాలు ఉన్నాయేమో చూసే ఇన్‌హిబిటర్ పరీక్ష తరచుగా చేయిస్తున్నాం, ఇంతవరకు అవి లేవు. టీకాలన్నీ సన్న సూదితో వేయించి, పది నిమిషాలు నొక్కి పట్టుకున్నారు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వొద్దని ఫ్రిజ్ మీద కాగితం అంటించుకున్నారు. తాతగారు బాబు ప్యాంట్లన్నిటికీ మోకాళ్ల దగ్గర లోపల స్పాంజి పెట్టి కుట్టారు. ఎన్నో కుటుంబాలను చూశాను కానీ అంత నీటుగా కుట్టిన మోకాలి ప్యాడ్లు చూడలేదు.

చెల్లెలికి మగబిడ్డ. బాగున్నాడు.

తల్లి ఇంకో బిడ్డ కావాలనుకుంటోంది. ఆమెకు ప్రతి గర్భంలోనూ కొడుకైతే సగం అవకాశం జబ్బుకు, కూతురైతే సగం అవకాశం వాహకురాలు కావడానికి. చట్టప్రకారం నమోదైన కేంద్రంలో 11 నుంచి 13 వారాల మధ్య సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) చేసి ఈ ఇన్వర్షన్ కోసం చూడొచ్చు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టమే జన్యువ్యాధుల కోసం ఈ పరీక్షకు అనుమతిస్తుంది, బిడ్డ ఆడో మగో మాత్రం చెప్పరు. పరీక్ష చేయించుకుంటారా, చేయించుకుని ఏం చేస్తారన్నది భార్యాభర్తలే తేల్చుకోవాలి. ఇంకా తేల్చుకోలేదు. నెల తప్పగానే కబురు చేయమన్నాను. పరీక్ష వద్దనుకున్నా సరే, ప్రసవంలో వాక్యూమ్ వాడకూడదని, పుట్టగానే బొడ్డుతాడు రక్తంలో ఫ్యాక్టర్ 8 చూడాలని ఆమె కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసి పెట్టాను.